బోర్డు లేని చెప్పుల దుకాణం

2012 జూన్‌లో మా కంపెనీ నన్ను హైదరాబాద్ ఆఫీసు నుంచి మెదక్ పట్టణానికి ఏరియా లిస్టింగ్ ఇన్‌ఛార్జిగా వేసింది. హోదా పేరు బారెడు, కింద పనిచేసే మనిషి ఒక్కడూ లేడు. బస్టాండు దగ్గర కిరాయికి తీసుకున్న ఒక గది, ఒక ల్యాప్‌టాప్, అప్పుడప్పుడు మాత్రమే సిగ్నల్ అందుకునే ఒక డేటా కార్డు, నా సొంత బండి. ఇదీ మా మెదక్ బ్రాంచి.

ఈ వృత్తి గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. తొంభైల్లో ఇంటింటికీ ఫోన్లు వస్తున్న రోజుల్లో, వ్యాపారుల పేర్లు, నంబర్లు అచ్చువేసే పసుపు పుస్తకానికి కాన్వాసర్‌గా చేరాను నేను. పుస్తకంలో అక్షరక్రమం ఉంటుంది కాబట్టి ముందు కనబడాలని ఒకాయన దుకాణానికి ‘ఏ వన్’ అని పెట్టుకుంటే, ఎదురుగా ఉన్నాయన ‘డబుల్ ఏ వన్’ అని పెట్టుకునేవాడు. తర్వాత పుస్తకం పోయి ఇంటర్నెట్ వచ్చింది. జనం ఫోన్‌లో ‘ఫలానా ఊళ్ళో ఫలానా దుకాణం’ అని కొట్టి వెతకడం మొదలుపెట్టారు. ఆ వెతుకులాటలో మన వ్యాపారి వెబ్‌సైటు మొదటి పేజీలో కనబడేట్టు చేయడమే మా పని. పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒకేలా ఉండాలి. మ్యాపు మీద దుకాణం గుర్తు సరిగ్గా గుమ్మం మీద పడాలి. పేజీలో జనం వెతికే మాటలే ఉండాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం తల ప్రాణం తోకకు వచ్చేది.

మెదక్‌లో దానికి తోడు ఇంకో తిప్పలుండేది. అప్పటికి జిల్లా పేరు మెదక్, కలెక్టరాఫీసు మాత్రం సంగారెడ్డిలో. ‘మెదక్’ అని కొడితే పటాన్‌చెరు ఫ్యాక్టరీలు, సంగారెడ్డి లాడ్జీలు, సిద్దిపేట షోరూములు వరుసగా వచ్చేవి. వాళ్ళందరి చిరునామాల్లోనూ ‘మెదక్ జిల్లా’ అని ఉండేది మరి. అసలు మెదక్ పట్టణంలో ఉన్నవాడు నాలుగో పేజీలోనో అయిదో పేజీలోనో పడి ఉండేవాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు. ఊరి పెద్దమనుషులకు ఈ సంగతి చెబితే, “గందుకే గదా తెలంగాణ అడుగుతున్నం” అని నవ్వేవారు. రాష్ట్రం వస్తే సెర్చ్ ఎట్లా బాగుపడుతుందో నాకైతే అర్థం కాలేదు గాని, ఆ రోజుల్లో ఏ బాధకైనా మందు అదే.

ఆ జూలైలో షాహెదా బేగం మా గదికి వచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త పోయి రెండేళ్ళు. వాళ్ళ మామగారు ఎప్పుడో ఒక కుష్ఠు ఆస్పత్రిలో చెప్పులు కుట్టే పని చేసి, ఆ విద్య కొడుక్కి నేర్పాడు. కొడుకు దగ్గర కోడలు నేర్చుకుంది. వాళ్ళు చేసేవి మెత్తటి ప్రత్యేక రబ్బరుతో చేసే చెప్పులు. దాన్ని ఎం.సి.ఆర్. అంటారు. స్పర్శ పోయిన పాదాలకు, సుగర్ పుండ్లు పడ్డ పాదాలకు అవి కావాలి. మనిషిని కార్బన్ కాగితం మీద నిలబెట్టి అచ్చు తీస్తారు. అచ్చు ఎక్కడ నల్లగా పడితే అక్కడ ఒత్తిడి ఎక్కువని లెక్క. అక్కడ రబ్బరును గుంటగా కోస్తారు, పుండుకు నేల తగలకుండా. ప్రతి మనిషి అచ్చూ ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంచుతారు.

ఆమె వచ్చిన కారణం ఇది. ఆమె దగ్గరికి మనుషులను పంపే సర్కారు దవాఖాన డాక్టరు బదిలీ మీద వెళ్ళిపోయాడు. కొత్త డాక్టరుకు ఈమె ఉన్నట్టే తెలియదు. పేషెంట్ల కొడుకులు ఫోన్‌లో వెతికి హైదరాబాద్ తీసుకుపోతున్నారు. హైదరాబాద్‌లో పెద్ద చెప్పుల దుకాణమున్న మరిది, ఇక్కడ మూసేసి వచ్చి తన దుకాణంలో కూర్చుని కుట్టుకొమ్మంటున్నాడు. ఇంటి పెద్దలు బక్రీద్ దాకా గడువిచ్చారు. అప్పటికి దుకాణం నిలబడకపోతే మెదక్ విడిచిపెట్టాల్సిందే.

“ఆయన దుకాణంల నేను నౌకరు సాబ్,” అంది. “గీడ నేను ఉస్తాద్‌ను. జర సూడుండ్రి.”

చూస్తానన్నాను. నిజం చెప్పాలంటే ఆమె పని కన్నా నా టార్గెట్ ఎక్కువ గుర్తుంది. అయినా ఉస్తాద్ అన్న మాట నన్ను పట్టుకుంది.

ఆమెకు అప్పటికే ఒక వెబ్‌సైటుంది. ఇంటర్నెట్ సెంటరాయన చేసి పెట్టాడట. తెరవగానే గులాబీలు రాలుతాయి, పాట మోగుతుంది, ‘సుస్వాగతం’ అని ఎర్రక్షరాలు పరుగెడతాయి. చిరునామా మాత్రం ఎక్కడా లేదు. అడిగితే ఆయన “అందరికెరుకనే గదన్నా” అన్నాడు. ఎరుకైతే నన్నెందుకు పిలుస్తారయ్యా, నా తలకాయ! ఆ రోజు మధ్యాహ్నమే గులాబీలన్నీ ఏరి పారేశాను. పేజీ తలమీద ‘సుగర్ పేషెంట్లకు మెత్తటి చెప్పులు, మెదక్ టౌన్’ అని పెట్టాను. దుకాణానికి పేరంటూ లేదు కాబట్టి ‘సుకూన్ ఫుట్‌కేర్’ అని నేనే నామకరణం చేశాను, ఉర్దూలో సుకూన్ అంటే నెమ్మది కదా అని. చాలా బాగుందనుకున్నాను కూడా.

మ్యాపులో దుకాణం ఎక్కాలంటే సెర్చ్ కంపెనీ పోస్టులో ఒక కార్డు పంపుతుంది. దాని మీద ఒక కోడు ఉంటుంది. ఆ కోడు కొడితేనే దుకాణం నిజంగా ఆ చిరునామాలో ఉందని నమ్ముతుంది. మూడు వారాలు ఎదురుచూశాం. కార్డు రాలేదు. పోస్టాఫీసుకు వెళ్ళి పోస్ట్‌మన్ సత్తయ్యను అడిగితే, “గీ పేరుతోటి దుకాణమే లేదు సార్, వాపస్ గొట్టిన,” అన్నాడు.

“షాహెదా బేగం దుకాణమయ్యా అది.”

“షాహెదమ్మనా? గట్ల రాయాలె మరి. గా సుకూను ఎవ్వరికెరుక?”

ఇరవై ఏళ్ళ సర్వీసున్నవాణ్ణి. ఊళ్ళో ఎవరూ పిలవని పేరు పెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. సిగ్గేసింది. పేరు మార్చి ‘షాహెదా చెప్పుల దుకాణం’ అని అన్నిచోట్లా తిరగరాశాను. రెండో కార్డు వచ్చేలోపు నాలుగు బందులు, రెండు రాస్తారోకోలు జరిగాయి. ఆగస్టు చివర కార్డు చేతికొచ్చింది.

ఈలోగా దుకాణానికి బోర్డు పెట్టమని ఆమెను పోరుతూనే ఉన్నాను. గుమ్మం ఫొటో ఉంటే లిస్టింగుకు బలం. ఆమె గుమ్మానికి బోర్డు కాదు కదా, సుద్దగీత కూడా లేదు. అది పాత ఇల్లు, ముందు వైపు మామూలు సంసారం. పేషెంట్లు వెనుక గల్లీలోంచి చిన్న తలుపు తోసుకుని వస్తారు.

“బోర్డు వెడితే మా పేషెంట్లు గీ గల్లీలకే రారు సాబ్,” అని ఆమె ఓపిగ్గా చెప్పింది. “సుగర్ చెప్పులని ఎవ్వరనరు. పెద్దరోగం చెప్పులంటరు. మా మామ ఉన్నప్పటి సంది గిదే ఖాయిదా.”

పెద్దరోగమంటే కుష్ఠు. ఆస్పత్రుల్లో ఇచ్చే ఎం.సి.ఆర్. చెప్పు నల్లగా, లావుగా, వెడల్పాటి పట్టీలతో ఉంటుంది. పల్లెల్లో దాన్ని చూడగానే గుర్తుపట్టి జనం పక్కకు జరుగుతారు. అందుకని వీళ్ళు లోపల అదే రబ్బరు పెట్టి, పైన బజారు చెప్పుల్లాగా తోలు, అంచులు కుడతారు. కొన్నవాడికి, కుట్టినవాళ్ళకు తప్ప మూడో మనిషికి తేడా తెలియదు. ఆమె పనితనమంతా అందులోనే ఉంది. నేను విన్నాను, తలూపాను, అర్థం చేసుకోలేదు. ‘కనబడకపోతే ఎట్లా దొరుకుతావు తల్లీ’ అని లోపల విసుక్కున్నాను.

కార్డు కోడు కొట్టాక లిస్టింగు లేచింది గాని మూడో పేజీ దాటలేదు. హైదరాబాద్‌లో మా మేనేజరు ప్రసాద్ గారు, మంచి మనిషే, ఫోన్ చేసి, “కస్టమర్ల మాటలు పెట్టండి యాదగిరి గారూ. పేరు, ఊరు, ఫొటోతో సహా. ఊళ్ళ పేర్లుంటే లోకల్ సెర్చ్ ఎగబాకుతుంది,” అన్నారు. సాంకేతికంగా ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రేగోడ్, అల్లాదుర్గ్, కౌడిపల్లి పేర్లతో తెలుగులో అప్పటికి ఇంటర్నెట్‌లో పేజీలే అరుదు. ఆ పేర్లు మనం ముందుగా రాస్తే మనమే మొదట నిలబడతాం.

మర్నాడు దుకాణానికి బాలమణి వచ్చింది. కౌడిపల్లి దగ్గర ఒక ఊళ్ళో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే మనిషి. సుగర్‌తో కాలికి పుండు పడి, షాహెదా చెప్పులు తొడిగాక మానిపోతోంది. షాహెదా లోపల రబ్బరు కోస్తోంది. నేను బాలమణిని అడిగాను: చెప్పుల గురించి ఒక మంచిమాట చెప్తావా అమ్మా, ఫొటో తీసుకోనా అని. “దాందేమున్నది, తీసుకోండ్రి. మస్తు ఆరామున్నది నాకు,” అంది. కాలు ముందుకు చాపింది. ఆమె పేరు, ఊరు, మానుతున్న పుండు, ఆ చెప్పులు, అన్నీ ఆ సాయంత్రమే సైటులో ఎక్కాయి. షాహెదాను అడగాలని నాకు తోచలేదు.

పని బ్రహ్మాండంగా జరిగింది. పదిరోజుల్లో ‘కౌడిపల్లి’ అని కొడితే మా పేజీయే పైన. ప్రసాద్ గారు మెచ్చుకుంటూ మెయిల్ పంపారు.

అవి తెలంగాణ ర్యాలీల రోజులు. కౌడిపల్లి చుట్టుపక్కల కుర్రాళ్ళు తమ ఊరేగింపు ఫొటోలు నెట్‌లో వచ్చాయేమోనని ఫోన్లలో ఊరి పేరు కొట్టి చూసేవారు. ఊరేగింపు రాలేదు. బాలమణి పాదం వచ్చింది. పేరుతో, ఊరితో సహా వచ్చింది. రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. ‘వంటామెకు పెద్దరోగం’ అన్నారు. తల్లులు పిల్లలకు ఇంటి నుంచి డబ్బాలు కట్టడం మొదలుపెట్టారు. డాక్టరు కాగితం తెచ్చేదాకా వంటకు రావద్దని హెడ్‌మాస్టరు బాలమణికి చెప్పాడు.

ఈ సంగతి నాకు షాహెదా చెప్పింది. ఆమె అరవలేదు. చేతిలో కత్తి పక్కన పెట్టి, “సాబ్, మొత్తం తీసెయ్యుండ్రి. దుకాణం పోతే పోనీ. మా మామ ముప్పయ్యేండ్లు ఒక్కరి పేరు బయటికి పోనియ్యలే,” అంది. అంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

ఆ పేజీని పది నిమిషాల్లో తీసేశాను. కాని మా వృత్తిలో ఎక్కించడం సులువు, దింపడం కాదు. సెర్చ్ కంపెనీ దగ్గర ప్రతి పేజీకీ ఒక నకలు దాచి ఉంటుంది. మనం తీసేసినా ఆ నకలు కొన్నాళ్ళు కనబడుతూనే ఉంటుంది. దాన్ని తొలగించమని విడిగా అర్జీ పెట్టాలి, జవాబు కోసం కాచుకోవాలి. రోజూ పొద్దున్నే లేచి కౌడిపల్లి అని కొట్టేవాణ్ణి. ఆ పాదం అక్కడే ఉండేది. నేను తీసిన ఫొటో చూసి నేనే ఫోన్ బోర్లా పెట్టేవాణ్ణి. పన్నెండో రోజు పోయింది.

ఆ పన్నెండు రోజులూ ఊరికే కూర్చోలేదు. మొదట బాలమణి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడింది. నేను నీళ్ళు నములుతూ, “నిన్ను అడిగే పెట్టానమ్మా,” అన్నాను.

“మంచిమాట చెప్పుమన్నవ్, చెప్పిన. ఊరికి చెప్పుమన్నవా?” అంది. “వొండి పెట్టే చెయ్యి నాది. గిప్పుడు నా చేతి బువ్వ ఎవలు తింటరు?”

బండి తిప్పుకుని తిన్నగా షాహెదా దగ్గరికి వెళ్ళాను.

మర్నాడు షాహెదా, నేను దవాఖానకు వెళ్ళి కొత్త డాక్టరును కలిశాం. ఆయన చిన్నవాడు, ఓపికున్నవాడు. బాలమణిని పిలిపించి పరీక్ష చేసి, ఇది సుగర్ పుండు, అంటుకునేది కాదు, కుష్ఠు కాదని ముద్ర వేసి రాసిచ్చాడు. ఆ కాగితం తీసుకుని నేనే హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదని, ఫొటో పెట్టింది నేనని, ఆయన బడికి పిలిపించిన తల్లులందరి ముందూ చెప్పాను. ఒకామె, “గంత సదువుకున్నోనివి, బుద్ధి గడ్డి తిన్నదా?” అని కడిగేసింది. తిన్నదమ్మా అన్నాను. నాలుగు రోజులకు బాలమణి మళ్ళీ వంటకు వెళ్ళింది. కొన్ని డబ్బాలు మాత్రం ఇంటి నుంచి వస్తూనే ఉన్నాయని విన్నాను. షాహెదా దగ్గరికి ఆమె మళ్ళీ రాలేదు.

బక్రీద్‌కు ఇంకా నెల రోజులుంది. ఊరి పేరున్న ఆ పేజీ పోవడంతో దుకాణం మళ్ళీ మూడో పేజీలో పడింది. మరిది ఫోన్ చేసి సామాను కట్టుకోవడానికి మనుషులను పంపనా అని అడిగాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే గాని, నాకు పట్టుదల పెరిగింది. ఒకరిని బజారుకెక్కించి ఇంకొకరిని దుకాణం పోగొట్టుకుని హైదరాబాద్ వెళ్ళనిచ్చేది లేదనుకున్నాను. షాహెదా దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఈసారి నేను చెప్పలేదు, అడిగాను. నీ దగ్గరికి వచ్చేవాళ్ళు మొట్టమొదట ఏం అడుగుతారని.

చెప్పుల గురించి ఎవరూ అడగరట. “కాలు మొద్దువారింది, గిదేమన్నా పెద్దరోగమా?” అని అడుగుతారట. తర్వాత, “ఎవ్వరన్న సూస్తరా?” అని.

అక్కడ నా బుర్ర వెలిగింది. జనం ఫోన్‌లో కొట్టేవీ అవే మాటలు కావాలి కదా. ‘మెత్తటి చెప్పులు’ అని ఎవడు కొడతాడు? ‘కాలు మొద్దుబారింది’ అని కొడతాడు, ‘సుగర్ పుండు మానట్లేదు’ అని కొడతాడు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క పేజీ రాశాను. జవాబులు డాక్టరు చూసి దిద్దాడు. మనిషి ఫొటో ఒక్కటీ లేదు. రబ్బరు ముక్క, కత్తి, నా సొంత పాదం అచ్చు, అంతే. మ్యాపు గుర్తు బస్టాండు మీద పడి ఉంటే, ఫోన్ పట్టుకుని గల్లీలో నడిచి వెనుక తలుపు మీదికి జరిపాను. ప్రతి చిరునామాలోనూ ‘మెదక్ టౌన్’ అని, పిన్‌కోడ్‌తో సహా రాశాను, సంగారెడ్డి వాళ్ళతో కలవకుండా. ఇంకొకరి సైటు నుంచి మన సైటుకు దారి ఉంటే సెర్చ్ దాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది. డాక్టరు ద్వారా సుగర్ శిబిరాలు పెట్టే ఒక సేవాసంఘం వాళ్ళ సైటులో మన చిరునామా వేయించాను. సైటు మొదటి పేజీలో పైన షాహెదా చెప్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాను: “ఫోన్ జేసి రండ్రి. పేరు చెప్పే పని లేదు. తలుపు ఎనుక గల్లీల ఉన్నది.”

ప్రసాద్ గారు ఒప్పుకోలేదు. కస్టమర్ల మాటలు లేని లిస్టింగు పూర్తయినట్టు కాదన్నారు. ఆయన ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలి పంపాను. ఆ ఏడాది నా పనితీరు నివేదికలో ‘సూచనలు పాటించరు’ అని రాశారు. అది నిజమే కాబట్టి సంతకం పెట్టాను.

బక్రీద్‌కు పదిరోజుల ముందు మొదటి ఫోన్ వచ్చింది. అల్లాదుర్గ్ దిక్కు మనిషి, పేరు చెప్పలేదు. తర్వాత ఇంకొకరు. పండుగ వారంలో మరిది సామాను కట్టించడానికి స్వయంగా వచ్చాడు. వెనుక గదిలో ముగ్గురు కొత్త మనుషులు వంతు కోసం కూర్చున్నారు. ఆయన చెప్పులు తెలిసినవాడు. కుట్టినదొకటి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. “గిసొంటి పని నా దుకాణంల ఎవ్వరికి రాదు వదినా,” అని చాయ్ తాగి వెళ్ళిపోయాడు. తర్వాత అవసరమైనప్పుడు ఆయనే హైదరాబాద్ నుంచి పేషెంట్లను పంపేవాడు.

మరుసటి వేసవిలో నన్ను నిజామాబాద్‌కు మార్చారు. వెళ్ళేముందు షాహెదా దగ్గర చాయ్ తాగాను. మాటల్లో ఆమె చెప్పింది, నిన్న ఒకామె ఫోన్ చేసి వచ్చిందని. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని వెనుక తలుపులోంచి వచ్చిందట. కొత్తదాన్నన్నదట. చెప్పులు అరిగిపోయాయి, కుట్టిపెట్టమన్నదట.

“గొంతు ఇనంగనే గుర్తువట్టిన,” అంది షాహెదా. “ఆమె అచ్చు పెట్టెల్నే ఉన్నది. తియ్యలే. కొత్తామె లెక్కనే కూసోబెట్టి, కాగితం పరిచి మళ్ళ అచ్చు తీసిన.”

ఎవరని నేను అడగలేదు.

నా సర్వీసులో వందల దుకాణాలను మొదటి పేజీకి ఎక్కించాను. వచ్చే మనుషుల్లో ఎవరు కనబడకూడదో అడిగి తెలుసుకోకుండా ఏ దుకాణాన్నీ కనబడేట్టు చేయకూడదని మెదక్‌లో నేర్చుకున్నాను. అది నేర్చుకున్నందుకు మూల్యం నేను చెల్లించలేదు, బాలమణి చెల్లించింది.